చిల్లుల మావయ్య గుడ్ల పెట్టె

మా బైరాగి మావయ్య కంటపడ్డ వస్తువేదీ చిల్లు పడకుండా బతికి బట్టకట్టలేదు. మూత ఉన్నది ఏదైనా సరే, ఆయనకి పగవాడితో సమానం. డబ్బా, ట్రంకుపెట్టె, తలుపు, గోడ, ఆఖరికి గొడుగు. ముందు వేలితో తట్టి చూస్తాడు. చెవి ఆనించి వింటాడు. "గాలాడ్డం నేదురా" అని జాలిపడతాడు. ఆ తరవాత భుజాన వేలాడే సంచీలోంచి వడ్రంగులు కన్నాలు తొలిచే చేతి బరమా తీస్తాడు. ఇక మనం చేసేదేమీ ఉండదు, నోరు తెరుచుకుని చూడ్డమే. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేను అలా నోరు తెరుచుకునే ఉన్నాను.

పైగా నా ఉద్యోగం న్యూ టౌన్‌లో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో ఏసీలు చూసుకోవడం. ఎక్కడ సందు ఉందో వెతికి, చల్లగాలి బయటికి పోకుండా మూయించడం నా పని. మేనమామ పోలికలు వస్తాయని మా అమ్మ చిన్నప్పుడు మురిసిపోయేది కాని, దేవుడు నన్ను ఆయన మీద కక్షతోనే పుట్టించినట్టున్నాడు.

మావయ్య కార్పొరేషన్ డ్రైనేజీ గ్యాంగులో పనిచేసి రిటైరయ్యాడు. మేన్‌హోళ్ళలోకి దిగి పూడిక తీసే పని. అందుకే హౌరాకి ఏటి అవతల, ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు గల్లీ వాళ్ళు ఆయన జబ్బుకి ఒక కారణం కనిపెట్టేశారు. అన్నేళ్ళు గొట్టాల్లో ఊపిరాడక పనిచేశాడు కదా, ఇప్పుడు గాలంటే మోజు అని. మోజు ఉంటే మైదానానికి వెళ్ళి కూచోవచ్చు. టిఫిన్ క్యారేజీ మూతకి చిల్లులెందుకు? చిన్నప్పుడు ఆ క్యారేజీ నాకిచ్చి స్కూలుకి పంపేవారు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పప్పుచారు పక్కవాడి ఒళ్ళో పడేది. పక్కవాళ్ళు మారేవారు కాని పప్పుచారు మాత్రం మానలేదు.

మా పెళ్ళికి కొత్త సూట్‌కేసు కానుకగా ఇచ్చాడు. నా భార్య చిన్మయిది వరంగల్. ఆ మనిషికి మావయ్య సంగతి తెలీదు. పెళ్ళిచీరలన్నీ మురిపెంగా అందులోనే సర్దుకుంది. మేము హౌరాలో రైలు దిగేసరికి కుండపోత వాన. ఇంటికొచ్చి తెరిస్తే ఎర్రచీర రంగు పచ్చచీరకీ, పచ్చచీర రంగు నా తెల్లచొక్కాలకీ పాకిపోయి ఉంది. సూట్‌కేసు అంచు చుట్టూ, పూసల దండలాగా, చక్కటి వరసలో చిల్లులు. చిన్మయి ఆ చిల్లుల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది. తరవాత, "మీ మామయ్యకు నేనేం పాపం చేసిన?" అంది.

ఆఖరికి కిందటి డిసెంబరులో ఆయన తన కాళ్ళకున్న హవాయి చెప్పుల్నీ వదల్లేదు. రెండు చెప్పులకీ గుండ్రటి కంతలు. జల్లెడ మీద నడుస్తున్నట్టు నడిచేవాడు. అరికాలికి కూడా గాలాడాలేమో అని గల్లీ అంతా నవ్వుకునేది, నేనూ నవ్వుకున్నాను. ఆ కంతల సంగతి మీరు కాస్త గుర్తు పెట్టుకోండి.

కిందటి శీతాకాలం మేము న్యూ టౌన్‌లో కొత్త ఫ్లాటులోకి మారాం. ఎనిమిదో అంతస్తు, బిగించిన అద్దాల కిటికీలు, చీమకూడా దూరని తలుపులు. మావయ్య మొదటిసారి వచ్చి హాలు మధ్యన నిలబడి చుట్టూ చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది. ఆయన సంచీ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అమ్మయ్య అనుకుని టీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వీధితలుపు దగ్గర నిలబడి, గుప్పిట్లో ఏదో పట్టుకుని నవ్వుతున్నాడు. బయట ఎవరొచ్చారో చూసుకునేందుకు తలుపుకి బిగించే చిన్న అద్దపుగొట్టం ఉంటుంది చూడండి, అది.

"ఎవడ్రా ఈ పని సేసినోడు?" అన్నాడు నన్నే తప్పుపడుతూ. "సుబ్బరంగా తలుపుకి కన్నం ఎట్టేడు, మళ్ళీ అందులో అద్దం కుక్కేసేడు. ఇదేటి బుద్ధి?"

బరమా లేకుండా కూడా మనిషి చిల్లు పెట్టగలడని నాకు ఆ రోజు తెలిసింది. ఆ గొట్టాన్ని ఆయన నోట్లో పెట్టుకుని ఊది చూసి, వరండాలోకెళ్ళి ఎనిమిదో అంతస్తు మీంచి జారవిడిచాడు. ఆ పూట నించి వరండాలో ఎవరింట్లో చేపల వేపుడో, ఎవరింట్లో పిల్లాడి ఏడుపో, అన్నీ మా హాల్లోకి వచ్చి కూచున్నాయి. చిన్మయి ఆ కన్నంలో దూది కుక్కింది. మా వీధితలుపు చెవినొప్పి వచ్చినవాడిలా కనబడేది.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. రోజూ పొద్దున్న ఫోను చేస్తాడు. హలో లేదు, కుశలప్రశ్నలు లేవు. "ఉన్నావేటి?" అంటాడు. "ఉన్నాను" అంటాను. పెట్టేస్తాడు. నా పెళ్ళినాడు కూడా, తాళి కట్టడానికి ముందు జేబులో ఫోను మోగింది. తీశాను. "ఉన్నావేటి?" మూడడుగుల దూరంలో పందిట్లో నిలబడి అడుగుతున్నాడు. ఉన్నానన్నాను. తృప్తిగా తలాడించి అక్షింతలు తీసుకున్నాడు. చిన్మయి తరఫు చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

అసలు కథ గోడతో మొదలవుతుంది. మావయ్య గదికీ పక్కగదికీ మధ్య ఒకటే గోడ. పక్కగదిలో అప్పమ్మత్త ఉంటుంది. మావయ్యతోపాటు గ్యాంగులో పనిచేసిన వెంకటేశు మావ భార్య. ఆయన జబ్బుచేసి పోయి చాలా ఏళ్ళయింది. కూతురు ఖరగ్‌పూర్‌లో కాపరం. ఆయన పోయిన నెలలోనే మావయ్య ఆ గోడలోంచి ఒక ఇటుక పీకేశాడు. రెండు గదులకీ మధ్య పిడికిలి పట్టేంత కంత. ఆడమనిషి గదిలోకి కంత ఏమిటని గల్లీ పెద్దలు పంచాయితీ పెట్టారు. గాలాడాలన్నాడు మావయ్య. అప్పమ్మత్త ఆయన్ని తిట్టిన తిట్లకి పెద్దలే లేచి వెళ్ళిపోయారు. ఆవిడ కంతలో గుడ్డలు కుక్కేది. ఈయన ఇటునుంచి ఇనప కడ్డీతో పొడిచేవాడు. గుడ్డలు అటు ఆవిడ బియ్యం డబ్బాలో పడేవి.

అప్పట్నించి గల్లీకి తెల్లవారేది ఆ కంతలోంచే.

"వదినా, ఉన్నావేటి?"

"ఉన్నాన్రా, నీ పాడె కట్టీదాకా ఉంటాను. నీ నోట్లో మన్నెయ్య, నీ బరమా ఇరిగిపోనూ."

తిట్లు అక్కడితో ఆగవు, పాలవాడు వచ్చి వెళ్ళేదాకా సాగుతాయి. మావయ్య అవన్నీ చిరునవ్వుతో విని, లేచి పళ్ళు తోముకునేవాడు. బెంగాలీ పొరుగువాళ్ళు మొదట్లో కంగారుపడ్డారు. తరవాత ఇదేదో తెలుగువాళ్ళ పొద్దుటి పూజ కాబోలని ఊరుకున్నారు.

అప్పమ్మత్తకి ఒక కోడిపెట్ట ఉండేది. పేరు మహారాణి. రాత్రి ఆవిడ మంచం కిందే పడక. ఆవిడ సగం అన్నం అది తినేది, సగం కబుర్లు అది వినేది. కిందటి డిసెంబరులో మహారాణి మంచం కింద గంపలో గుడ్ల మీద కూచుంది. పొదగాల్సిన రోజుల్లో సగానికి పైనే గడిచాయి కూడాను. ఒకనాడు గింజల కోసం లేచి గల్లీలోకి వచ్చింది. మలుపులోంచి బ్యాటరీ రిక్షా ఒకటి వచ్చింది, మేము టోటో అంటాం. అంతే.

అప్పమ్మత్త ఏడవలేదు. టోటోవాణ్ణి తిట్టలేదు. గల్లీ మొత్తం చెవులు మూసుకోడానికి సిద్ధమై నిలబడితే, ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున్న మావయ్య కంతలోంచి "వదినా, ఉన్నావేటి?" అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. లేదు. వెళ్ళి తలుపు తట్టాడు. తీసింది, మంచం మీదికి వెళ్ళి గోడకేసి తిరిగి పడుకుంది. అన్నం కంచంలో ఎండిపోయి ఉంది. గుడ్లు గంపలో ఉన్నాయి. వీటినేం చెయ్యమంటావంటే, గంగలో పారేసుకో అన్నట్టు చెయ్యి విసిరింది. గల్లీలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. పొద్దు పొడిచిందో లేదో ఎవరికీ తెలియలేదట.

ఆ రోజు నాకొచ్చిన ఫోనులో మావయ్య ఉన్నావేటి అనలేదు. పూర్తి వాక్యాలు మాట్లాడాడు.

"సునీలూ, గుడ్లు పొదిగే పెట్టె ఒకటి కట్టాల, బేగి రా. గుడ్లు నా దుప్పట్లో ఎట్టి పక్కన ఏడినీళ్ళ సీసా ఎట్టేను."

ఆఫీసుకి సెలవు పెట్టి పరిగెత్తాను. చేపల బజారులో బెంగాలీ వ్యాపారి ఒకాయన మాకు తెలుసు, ఆయన్నడిగి ఒక థర్మకోలు పెట్టె తెచ్చాం. ఆంధ్రా నుంచి ఐసులో చేపలు వచ్చేది ఆ పెట్టెల్లోనే. దాని మీద ఇంకా భీమవరం అడ్రసు ఉంది. సబ్బుతో ఎంత తోమినా వాసన పోలేదు. పుట్టబోయే పిల్లలు తాము కోళ్ళమో చేపలమో తేల్చుకోలేక అవస్థపడతాయని నాకు దిగులేసింది. వేడినిచ్చే పాతరకం బల్బు ఈ రోజుల్లో ఎక్కడా దొరకదు. దుర్గాపూజ పందిళ్ళకి లైట్లు కట్టే దుకాణం అటకమీద ఒకటి దొరికింది. మా ఇంట్లో పాడైన కంప్యూటరు ఫ్యాను పెట్టాను. ఆఫీసునుంచి థర్మామీటరు తెచ్చాను. అడుగున నీళ్ళగిన్నె, పైన తీగల జల్లెడ, దాని మీద గుడ్లు.

అంతా బాగుంది. అప్పుడు నేను ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. "మావయ్యా, గుడ్డులో పిల్ల కూడా ఊపిరి తీసుకుంటుంది. పెట్టెకి కింద రెండు, పైన రెండు చిన్న చిల్లులు కావాలి."

మావయ్య నాకేసి చూశాడు. ఆ కళ్ళలో వెలుగు నేను ఆయన రిటైర్మెంటు సన్మానంలో కూడా చూడలేదు. ఇన్నేళ్ళ బతుకులో మొదటిసారి ఒక వస్తువు తనకి చిల్లులు కావాలని నోరు తెరిచి అడిగింది. పెన్సిల్ పట్టేంత చిల్లులు నాలుగే నాలుగు, నా ఎదుటే పెట్టాడు. చెయ్యి వణకలేదు, థర్మకోలు పొడి కూడా రాలలేదు. అరగంటలో లోపలి వేడి ఎంత ఉండాలో అంత దగ్గర నిలబడింది. ఇంకొక్కటి కూడా పెట్టొద్దని ఒట్టు వేయించుకుని, నిశ్చింతగా ఇంటికెళ్ళాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళి చూసి, గుమ్మంలోనే నిలువుగుడ్లు వేశాను. పెట్టెకి ఆ పక్కా ఈ పక్కా అన్నీ చిల్లులే. బొటనవేలు దూరేవి. లోపల బల్బు ఉయ్యాల ఊగుతోంది. కిటికీ తెరిచి ఉంది, డిసెంబరు గాలి ఇటునుంచి దూరి అటు పోతోంది. పైగా పెట్టె నిన్న పెట్టిన మూలలో లేదు. తీసుకొచ్చి సరిగ్గా గోడకంత కింద పెట్టుకున్నాడు.

"ఏంటి మావయ్యా ఇది? ఒట్టేశావు కదా" అన్నాను.

"గొట్టంలోకి దిగీముందు ఇటు మూతా తీత్తాం, అటు మూతా తీత్తాం. గాలి ఇటొచ్చి అటెల్లాల. నేకపోతే లోపలోడు సచ్చిపోతాడు."

"ఇది మేన్‌హోలు కాదు మావయ్యా, గుడ్లు. వీటికి వేడి కావాలి."

"ఏడి దేవుడిత్తాడు. గాలి మనం ఇవ్వాల."

నేను గొంతు పెంచాను. ఆయన నాకంటే పెంచాడు. మావయ్య అరవగా నేనెప్పుడూ వినలేదు. అరవడం కూడా నాకేసి తిరిగి కాదు, గోడకేసి తిరిగి. "ఓలమ్మో, ఈ గుడ్డు సల్లగయిపోనాదిరా సునీలూ. మహారాణి గుడ్డు, ఐసయిపోనాది" అంటూ ఒక్కొక్క గుడ్డూ తీసి ప్రకటించాడు. నేను ముట్టుకుని చూశాను. నిజానికి అంత చల్లగా ఏమీ లేవు. కాని కోపంలో ఉన్నవాణ్ణి, నాకు ఐసుగడ్డల్లాగే తగిలాయి. కంతకి అటువైపు చడీచప్పుడూ లేదు.

తరవాత రెండు రోజులూ ఇదే తంతు. నేను వెళ్ళడం, కొత్త చిల్లులు చూసి నెత్తి కొట్టుకోవడం, ఆయన గోడకి చెప్పుకోవడం. టేపు అంటించబోతే చెయ్యి పట్టుకునేవాడు. చిన్మయితో చెప్పుకుని బాధపడ్డాను. ఆ గుడ్లకన్నా సూట్‌కేసులో నా చీరలే నయంగ బతికినయ్ అంది.

నాకు ఆ గుడ్ల మీద నిజంగానే బెంగ పట్టుకుంది. మహారాణి వంశంలో మిగిలింది అవే. అవి కాస్తా పోతే అప్పమ్మత్త ఇక గోడకేసే తిరిగి ఉండిపోతుందేమోనని భయమేసింది. ఆవిడ అప్పటికి నోట్లో వేసుకున్నది పాలవాడు బతిమాలి తాగించిన పాలు మాత్రమే. ఖరగ్‌పూరు నుంచి కూతురు వచ్చి ఒళ్ళో తల పెట్టుకున్నా పలకలేదు.

ఆదివారం వెళ్ళాను. మావయ్య గది మధ్యలో బాసింపట్టు వేసుకుని కూచుని, బరమాకి నూనె పెడుతున్నాడు. నన్ను చూసి, గోడకంత దాకా వినబడేలా చెప్పాడు. "ఈ చిల్లులు సాలవురా. అడుగుని తెగ్గోసి తీసెత్తాను. గుడ్లన్నీ కిటికీ గట్టు మీద వరసగా ఎడితే, అప్పుడాడతాది గాలి."

నేను అడ్డం వెళ్ళాను. చెప్తున్నాను కదా, అరవయ్యేళ్ళ మనిషి, నన్ను ఒక్క తోపు తోసి బరమా అందుకున్నాడు. కరకరమని థర్మకోలులో బరమా తిరిగే చప్పుడు మొదలైంది. పళ్ళు జివ్వుమనే చప్పుడు అది. నేను పెట్టెని కావలించుకున్నాను. ఆయన నన్ను కావలించుకున్నాడు. ఇద్దరం నేల మీద పెనుగులాడుతున్నాం.

అప్పుడు కంతలోంచి వినబడింది.

"ఓరి బైరాగీ."

చప్పుడు ఆగిపోయింది. ఇద్దరం అలాగే బిగుసుకుపోయాం.

"ఓరి నీ సేతులిరిగిపోనూ. నీ బరమా నీ గుండెల్లో దిగిపోనూ. గుడ్లేటి, మురిక్కాలవేట్రా? పసిగుంటల్ని కిటికీలో ఎడతావా? నీకు బుద్ధి నేదా, నీ అమ్మ నిన్నిలగే కిటికీలో ఎట్టి పెంచిందేటి?"

మరుక్షణం గుమ్మంలో అప్పమ్మత్త ప్రత్యక్షమైంది. జుట్టు విరబోసుకుని, నీరసానికి గోడ పట్టుకుని, చంకలో గుడ్డపీలికల మూటతో. మావయ్యని కాలితో పక్కకి తోసింది. నన్ను కూడా తోసింది, నేనేం చేశానో నాకిప్పటికీ తెలీదు. పీలికలు ఒక్కో చిల్లులో కుక్కుతూ, ఒక్కో చిల్లుకీ విడిగా ఒక తిట్టు తిట్టింది. చిల్లులు అయిపోయాయి కాని తిట్లు మిగిలిపోయాయి. వెచ్చగా ఉందో లేదో చూడ్డానికి ఒక గుడ్డు తీసి మూసిన కనురెప్పకి ఆనించుకుంది. మెల్లగా మళ్ళీ జల్లెడ మీద పెట్టి, పక్కకి దొర్లించింది. తరవాత, "ఆకలేత్తన్నాది, గంజి ఉంటే ఎయ్యి" అంది నాతో.

నేను మావయ్యకేసి చూశాను. ముఖం అటు తిప్పుకుని బరమాని సంచీలో పెట్టుకుంటున్నాడు.

ఆవిడ ఇక ఆ గది వదల్లేదు. పొద్దున్నే వచ్చేది, పెట్టె పక్కనే వంట, పెట్టె పక్కనే తిండి, గుడ్లు దొర్లించడం, నీళ్ళగిన్నె నింపడం, మధ్యమధ్య మావయ్యని తిట్టడం. ఆయన్ని పెట్టె దరిదాపులకి రానివ్వలేదు. నిద్రకి మాత్రం తన గదికి వెళ్ళేది. మర్నాడు తెల్లవారేసరికి కంతలోంచి ఇటువైపుకి గొంతు వచ్చేది. "ఓరి బైరాగీ, ఉన్నాయేట్రా?" ఉన్నాయి వదినా అని మావయ్య వినయంగా జవాబు చెప్పుకునేవాడు.

గుడ్లలో చప్పుడు వినబడుతోందని కబురొచ్చిన రోజున చిన్మయిని కూడా తీసుకెళ్ళాను. గల్లీ అంతా గుమ్మంలో ఉంది. అప్పమ్మత్త ఎవర్నీ ఊపిరి కూడా గట్టిగా తీసుకోనివ్వడం లేదు. మావయ్య దూరంనుంచే బతిమాలి, ఒక్కసారి పెట్టె దగ్గరికి రావడానికి అనుమతి సంపాదించాడు. వంగి, మేము మొదట పెట్టిన నాలుగు చిల్లుల్లో ఒకదానికి నోరు ఆనించాడు.

"ఉన్నారేట్రా?"

లోపలినుంచి, ఇంకా పగలని గుడ్డులోంచి, సన్నగా ఒక కీచు.

చిన్మయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మావయ్య మళ్ళీ అడిగాడు. ఈసారి రెండు పలికాయి. చీకటి పడే లోపల ఆరు పిల్లలు బయటపడ్డాయి, తడితడిగా, తలలు నిలపలేక తూలుతూ, ఒంటినిండా కొద్దిగా భీమవరం చేపల వాసనతో. తక్కినవి పిల్లలు కాలేదు. అప్పమ్మత్త కాసేపు ఆ గుడ్లని ఒళ్ళో పెట్టుకుంది. తరవాత పిల్లల్ని ఒళ్ళోకి తీసుకుని, అన్నిట్లోకీ నల్లగా ఉన్నదాన్ని చూపించి, ఇది బైరాగి పోలిక, అంది. అందరూ నవ్వారు.

పిల్లల్ని ఆరబెట్టడానికి పాతగుడ్డ కావాలంటే, మావయ్య మంచం కింద వెతికాను. ఒక చిన్న మూట చేతికి తగిలింది. విప్పితే అన్నీ గుండ్రటి రబ్బరు బిళ్ళలు. పైన తెలుపు, కింద నీలం. ఎక్కడో చూసిన రంగులనిపించింది. మంచం పక్కన విడిచిన మావయ్య హవాయి చెప్పులకేసి చూశాను. బిళ్ళ ఒకటి తీసి చెప్పు కంతలో పెట్టాను. అతికినట్టు సరిపోయింది. ఖాళీ అయిన పెట్టె దగ్గరికెళ్ళి, గుడ్డపీలిక పీకి, ఆ బిళ్ళని ఒక చిల్లులో పెట్టాను. బిరడాలాగా బిగిసి కూచుంది. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. ప్రతి చిల్లుకీ కొలిచి కోసిన బిరడా ఉంది.

బుర్ర తిరిగిపోయింది. మావయ్యని పెరట్లోకి లాక్కెళ్ళి, ఇవేమిటని అడిగాను. పిల్లి దొంగపాలు తాగుతూ దొరికినట్టు చూశాడు.

"నువ్వొచ్చీ ముందర తీసీవోణ్ని. నువ్వెల్లగానే ఎట్టీసీవోణ్ని" అన్నాడు. "గుడ్లు సల్లారిపోనిత్తానేట్రా? నానేటి ఎర్రోణ్నా?"

"మరి ఎందుకు మావయ్యా ఆ గొడవంతా?"

చెప్పాలా వద్దా అన్నట్టు గోడకేసి చూశాడు. అటువైపు అప్పమ్మత్త గల్లీవాళ్ళని ఎవర్నో దులిపేస్తోంది. ఆ గొంతు విని ధైర్యం తెచ్చుకున్నాడు.

"గొట్టంలోకి ఒకడు దిగితే, మూత కాడ ఒకడుంటాడు. పైనోడు ఉన్నావేటని అడుగుతుండాల. కిందోడు ఉన్నానని పలుకుతుండాల. పలక్కపోతే ఇంకేటీ ఆలోసించకూడదు, తాడు లాగీడమే. నన్ను ఎంకటేసు అలగ పిలిసేవోడు. ఆడు పోనాక, ఆడి ఇంటిదాన్ని నాను పిలుత్తన్నాను. ఈసారి పలకనేదు. మరి లాగాల కదరా?"

"చిల్లులు పెట్టి లాగావా?"

"బుజ్జగిత్తే వచ్చీ మడిసి కాదురా. తిట్టడానికి ఏదో ఒకటి కావాల."

మళ్ళీ నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఈసారి మూసుకోడానికి చాలాసేపు పట్టింది. అన్నేళ్ళుగా గల్లీకి తెల్లవారగట్లే వినబడిన ఆ తిట్లన్నీ, ఉన్నాను అనే ఒక్క మాటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. పెళ్ళిపందిట్లో మోగిన ఫోను గుర్తొచ్చింది. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, గట్టిగా వాటేసుకున్నాను. మావయ్య ఇబ్బందిగా మెలికలు తిరిగి, "వదులెహె, గాలాడ్డం నేదు" అన్నాడు.

మరుసటి ఆదివారం ఆయనే మా ఫ్లాటుకి వచ్చాడు. ఈసారి నేను సంచీ లాక్కోలేదు. చిన్మయి తలుపు కన్నంలోంచి దూది తీసేసి, అందులోంచి చూసి, "ఉన్నరా మామయ్యా?" అని అడిగి మరీ తలుపు తీసింది. మావయ్య మురిసిపోయాడు. అప్పమ్మత్త పంపిన చింతకాయ పచ్చడి ఇచ్చాడు. సీసామూతకి చిల్లులు ఉన్నాయి. దారిపొడుగునా సంచీలో కారిన పచ్చడి ఉంది. చిన్మయి సీసా తుడిచి గూట్లో పెట్టింది. భోంచేశాడు, కాసేపు పడుకున్నాడు, సాయంత్రం వెళ్ళిపోయాడు.

వెళ్ళాక చూస్తే, వీధితలుపు కన్నానికి గుండ్రటి రబ్బరు బిరడా బిగించి ఉంది. లాగడానికి వీలుగా దానికి చిన్న దారం కూడా కట్టాడు. చేపల వాసన వస్తే మూసుకోవచ్చు. ఎవరినైనా పిలవాలంటే తీసుకోవచ్చు. చిన్మయి దాన్ని రెండుమూడుసార్లు లాగి, పెట్టి, చూసుకుంది. ఎంత మంచిగ చేసిండో అని మెచ్చుకుంది.

నేనూ మెచ్చుకున్నాను. ఆ బిరడా పైన తెలుపు, కింద ఎరుపు. మావయ్య చెప్పులు నీలం కదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. గుమ్మం పక్కన చూశాను. కిందటి వారం కొనుక్కున్న నా కొత్త హవాయి చెప్పులు, ఎర్రవి, బుద్ధిగా జోడించి పెట్టి ఉన్నాయి. ఎడమ చెప్పుకి మడమ దగ్గర గుండ్రంగా ఒక కంత.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. ఉన్నానని చెప్పి, ఆ చెప్పులే వేసుకుని పాలకి బయల్దేరాను. ఇప్పటికీ అవే వేసుకుంటున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, కాలికి గాలి బాగానే ఆడుతోంది.